మంచం పక్కన నిలబడటం కూడా నేర్పాలి

నందిగామ, జగ్గయ్యపేట చుట్టూ పత్తి, మిర్చి వేసే పల్లెల్లో గడ్డిమందు డబ్బా లేని రైతు ఇల్లు అరుదు. కలుపు చంపడానికి తెచ్చుకుంటారు. అప్పు మీద అప్పు పడి, కౌలు కట్టలేక, ఇంట్లో ఒక మాట పడలేక ఆ డబ్బా మూత తీసి నోట్లో పోసుకునేవాళ్లూ ఈ మెట్టలో ఉన్నారు. అది పారాక్వాట్ అయితే దానికి విరుగుడు లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి ఆ మందు వాడకమే లేదు. మరీ ఎక్కువ తాగితే తప్ప మనిషి వెంటనే పోడు. మాట్లాడతాడు, వచ్చినవాళ్లను గుర్తుపడతాడు, చేసిన పనికి కుమిలిపోతాడు. ముందు కిడ్నీలు దెబ్బతింటాయి, తర్వాత రోజుల తరబడి ఊపిరితిత్తులు బిగుసుకుపోతూ వస్తాయి. ఈ విషానికి ఆక్సిజన్ తోడైతే ఊపిరితిత్తులకు ఇంకా హాని. అందుకని రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోయేదాకా మాస్కు పెట్టరు. ఆయాసపడుతున్న మనిషికి ఆక్సిజన్ ఎందుకు పెట్టడం లేదని భార్య అడుగుతుంది. ‘నేను బతుకుతానా సిస్టర్, పిల్లల మొహం ఎట్లా చూడను’ అని అతను అడుగుతాడు. డాక్టరు రౌండ్స్ ముగించుకుని వెళ్లాక వచ్చే ప్రశ్నలివి. అప్పుడు అక్కడుండేది డ్యూటీ నర్సు, ఆమె వెనక పోస్టింగ్‌కి వచ్చిన పంతొమ్మిదేళ్ల నర్సింగ్ విద్యార్థిని.

ఆ అమ్మాయికి సెలైన్ పెట్టడం నేర్పారు. మూత్రం కొలవడం, బీపీ చూడటం, మందుల మోతాదు లెక్క కట్టడం నేర్పారు. ఈ ప్రశ్న ముందు ఎలా నిలబడాలో మాత్రం చాలాచోట్ల ఎవరూ నేర్పరు. అందుకే మూడింటిలో ఒకటి జరుగుతుంది. వినపడనట్టు డ్రిప్ సరిచేసి వెళ్లిపోవడం ఒకటి. ‘అంతా ఆ దేవుడే చూసుకుంటాడు’ అనో, తను నమ్మే దేవుడి పేరు చెప్పో ఆ సంభాషణను అక్కడితో తెంచేయడం రెండోది. ‘తాగేటప్పుడు పిల్లలు గుర్తురాలేదా’ అని కసరడం మూడోది. మన వార్డుల్లో ఈ మూడో మాట ఎంత మామూలైపోయిందో రోగి పక్కన ఒక్క రాత్రి కూర్చున్న ఎవరికైనా తెలుసు. ఈ మూడూ రోగి మనసుకు తగిలేవే. అంటే ఆధ్యాత్మిక పరిచర్య అనేది మన ఆసుపత్రుల్లో లేదనడం నిజం కాదు. మంచో చెడో అది రోజూ జరుగుతూనే ఉంది, శిక్షణ లేనివాళ్ల చేతుల మీదుగా జరుగుతోంది. నర్సింగ్ విద్యార్థులకు దీన్ని ఒక నైపుణ్యంగా నేర్పాలని, ఇంజెక్షన్ చేయడాన్ని పరీక్షించినట్టే దీన్నీ పరీక్షించాలని నేను వాదిస్తున్నది అందుకే.

పాఠ్యప్రణాళికలో ఈ విషయం లేదనలేం. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో, మొదటి ఏడాది చదివే నర్సింగ్ ఫౌండేషన్స్‌లోనే విశ్వాసం, ఆశ, మతం, ఆధ్యాత్మిక స్వస్థత, దీర్ఘవ్యాధుల్లోనూ చివరి దశలోనూ రోగికి కలిగే ఆధ్యాత్మిక వేదన, దాన్ని ఎదుర్కొనే తీరు అన్నీ ఉన్నాయి. ఉన్నవి థియరీ గంటల్లో. అధ్యాపకురాలు నోట్సు చెబుతుంది, విద్యార్థి రాసుకుంటుంది, పరీక్షలో నిర్వచనం రాస్తుంది. వార్డుకు వెళ్లేసరికి అది నోటుపుస్తకంలోనే ఉండిపోతుంది. క్యాథెటర్ వేయడానికి అంచెలంచెలుగా చెక్‌లిస్టు ఉంటుంది, తప్పు వేస్తే టీచరు చేయి పట్టి ఆపుతుంది. ‘నేనెవరికి ఏం అన్యాయం చేశానని నాకీ రోగం’ అని ఏడ్చే తల్లి దగ్గర విద్యార్థిని తప్పు మాట అంటే ఆపేవాళ్లు లేరు, ఆ మాట తప్పని గుర్తించేవాళ్లు కూడా తక్కువే.

ఇక్కడ ఆధ్యాత్మికం అన్నది వార్డులో భజన పెట్టడమో, ప్రార్థన చేయించడమో, గోడకు పటం తగిలించడమో అనుకోకూడదు. మనిషికి రోగం వచ్చినప్పుడు శరీరంతోపాటు కదిలిపోయేవి కొన్ని ఉన్నాయి: నేనెందుకు బతకాలి, నాకే ఎందుకిలా జరిగింది, నేను చేసిన దానికి క్షమాపణ ఉందా, నేను పోతే నావాళ్లేమవుతారు, నన్ను ఇంకా మనిషిగా చూసేవాళ్లున్నారా. దేవుణ్ణి నమ్మేవాళ్లు ఇవే ప్రశ్నలను దేవుడి భాషలో అడుగుతారు, నమ్మనివాళ్లు ఆ పేరు లేకుండా అడుగుతారు. ఇంగ్లండులో మొదట నర్సుగా, తర్వాత ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా, ఆపైన డాక్టరుగా పనిచేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. చివరి దశ రోగి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబ పరిస్థితి, ఆధ్యాత్మిక వేదన కలగలిసి ఉంటాయని, ఒకదాన్ని వదిలేసి మరొకదానికి మందు వేస్తే నొప్పి తగ్గదని ఆమె వాదించింది. బాధను తగ్గించి ఊరటనిచ్చే వైద్యమైన ఈనాటి పాలియేటివ్ కేర్‌కు పునాది అదే. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక బాధ ఉంది. రోగి విలువలను, ఆచారాలను, విశ్వాసాలను గౌరవించే వాతావరణం కల్పించడం నర్సు బాధ్యత అని అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి చెబుతోంది.

మంచి మాటలు సరే, దీనివల్ల ప్రయోజనం ఉందన్న ఆధారం ఏదీ అని అడిగేవాళ్లకు చెప్పాల్సింది కొంచెం వివరంగానే ఉంది. అమెరికాలో ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద ట్రేసీ బల్బోని బృందం వరుసగా అధ్యయనాలు చేసింది. 2007లో వెలువడిన దానిలో 230 మంది రోగులున్నారు. తమ ఆధ్యాత్మిక అవసరాలను వైద్య వ్యవస్థ అసలు పట్టించుకోలేదనో, నామమాత్రంగా పట్టించుకుందనో వాళ్లలో 72 శాతం మంది చెప్పారు. 2010లో 343 మందిపై వచ్చిన అధ్యయనంలో, వైద్యబృందం నుంచి ఆ ఆసరా దొరికినవాళ్లు చివరి రోజుల్లో మెరుగ్గా బతికినట్టు, హాస్పిస్ సేవను ఎక్కువగా ఎంచుకున్నట్టు తేలింది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది 2013లో వచ్చినది. మత సమాజం నుంచి గట్టి ఆసరా ఉన్న రోగులు చివరి వారంలో ఐసీయూల్లో, వెంటిలేటర్ల మీద గడపడం ఎక్కువగా కనిపించింది. ఆ రోగులకే వైద్యబృందం కూడా ఆధ్యాత్మిక ఆసరా ఇచ్చినచోట ఆ ధోరణి తగ్గింది. గుడి మనుషులో చర్చి మనుషులో ‘నమ్మకం వదలొద్దు, అద్భుతం జరుగుతుంది’ అంటారు. వాళ్ల ప్రేమ అలాంటిది. కానీ నమ్మకాన్ని, రోగం నిజస్థితిని ఒకే సంభాషణలో పెట్టగలిగేది రెండూ తెలిసిన మనిషే. ఇవి పరిశీలనతో చేసిన అధ్యయనాలు, కార్యకారణాన్ని గట్టిగా రుజువు చేయవన్నది నిజం. అయినా ఒకే దిశలో ఇన్ని సంకేతాలున్నప్పుడు పట్టించుకోకపోవడానికి కారణం చూపాల్సింది కాదనేవాళ్లే.

ఆ పరిశోధన అమెరికాది, మన మెట్ట పల్లెలకు ఎందుకు వర్తిస్తుందన్నది మొదటి ఆక్షేపణ. నిజమే, మన దగ్గర ఇలాంటి అధ్యయనాలు ఇంకా చాలా జరగాలి. కానీ ఈ ఆలోచన మనకు పడమటి నుంచి వచ్చిన సరుకని అనుకోనక్కర్లేదు. చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఆ పరిచారకుడికి ఉండాల్సిన గుణాల్లో పరిచర్య తెలిసి ఉండటం, నేర్పు, శుచి, వాటితోపాటు రోగి పట్ల అనురాగం ఉన్నాయి. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన స్తూపం ఉంది, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనాలు అక్కడే దొరికాయి. ఆ కొండ మీద తిరిగిన భిక్షువుల బౌద్ధ సంప్రదాయంలోని, భిక్షు నియమాలు చెప్పే వినయ గ్రంథంలో, విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగిన కథ ఉంది. ఆ వెంటనే మంచి పరిచారకుడి లక్షణాలు ఐదు చెబుతారు: మందు సిద్ధం చేయగలగాలి, పథ్యమేదో అపథ్యమేదో తెలియాలి, లాభం కోసం కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలకూ వాంతికీ అసహ్యపడకూడదు, తగిన సమయంలో ధర్మం చెప్పి రోగి మనసుకు ఉత్సాహం కలిగించగలగాలి. ఈ ఐదోది ఆధ్యాత్మిక పరిచర్యే, అందులో ‘తగిన సమయం’ అన్న హద్దు కూడా ఉండటం చూడండి. కృష్ణకు ఆవలి ఒడ్డున మందడం దగ్గరి మల్కాపురం శాసనం 1261 నాటిది, రుద్రమదేవి కాలానిది. విశ్వేశ్వర శివాచార్యుల మఠానికిచ్చిన దానంలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ వాటా ఉంది. మఠమూ వైద్యశాలా ఒకే దానపత్రంలో పక్కపక్కన ఉండటం ఆనాటివాళ్లకు వింతగా అనిపించలేదు.

ఈనాటివాళ్లకు అనిపిస్తుంది, దానికి కారణముంది. ఆసుపత్రిలో ఆధ్యాత్మికం అనగానే మన సమాజంలో చాలామందికి వచ్చే అనుమానం మతమార్పిడి. ఈ అనుమానాన్ని తోసిపుచ్చి ముందుకు పోవడం తప్పు. తెలుగునాట ఆధునిక నర్సింగ్‌కు ప్రాణం పోసినవాళ్లలో మిషనరీలు ముందువరసలో ఉన్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ల కోసం మొదలుపెట్టిన వైద్యం 1898 నాటికి పెద్ద ఆసుపత్రి అయింది. అక్కడ వైద్యమూ సువార్తా కలిసే నడిచాయి, ఆ విషయాన్ని వాళ్లు దాచలేదు. అదే ఆసుపత్రికి ఎదురుగా ఏలూరు రాజా భుజంగరావు, తమ ఆచారం ప్రకారం వండుకు తినే రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. వైద్యం తీసుకుంటూనే తమ నమ్మకాన్ని నిలుపుకునే చోటు కావాలని ఆనాటి కుటుంబాలు కోరుకున్నాయి, ఆ కోరికకు చోటు దొరికింది. నర్సుకు నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే: నమ్మకం రోగిది, దాన్ని మార్చే అధికారం యూనిఫామ్‌కు లేదు. మంచంలో ఉన్న మనిషి లేచి వెళ్లిపోలేడు, కాదంటే ఇంజెక్షన్ ఆలస్యమవుతుందేమోనని భయపడతాడు. అలాంటి మనిషికి ఏ మతం బోధించినా అది బలవంతమే, ఆ బోధించేది మెజారిటీ మతమైనా సరే. ‘హనుమాన్ చాలీసా చదువుకోండి’ అని ముస్లిం రోగికి చెప్పడం, ‘ప్రభువును నమ్ముకోండి’ అని హిందూ రోగికి చెప్పడం, ‘తాయెత్తు తీసేయండి, మూఢనమ్మకం’ అని లంబాడీ తల్లిని ఎద్దేవా చేయడం ఒకే తప్పుకు మూడు రూపాలు.

ఈ హద్దు ఎంత ముఖ్యమో బ్రిటన్‌లో ఒక కేసు చెబుతుంది. డార్ట్‌ఫర్డ్‌లోని ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు రోగుల వివరాలు రాసుకునే ఒక నర్సు వాళ్లతో మతం గురించి మాట్లాడుతున్నదన్న ఫిర్యాదుల మీద 2016లో ఉద్యోగం పోగొట్టుకుంది. కోర్టుకు వెళ్లింది. 2019లో అప్పీలు కోర్టు ఆసుపత్రి నిర్ణయాన్ని సమర్థించింది, మత స్వేచ్ఛ అంటే రోగిపై తగని ఒత్తిడి తేవడం కాదని తేల్చింది. రోగి ఆధ్యాత్మిక అవసరాలను నర్సింగ్‌లో భాగంగా గుర్తించే దేశంలోనే ఈ తీర్పు వచ్చింది. రెండూ పక్కపక్కన ఉండగలవనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? మతప్రచారం జరుగుతుందని భయపడేవాళ్లు ఈ పాఠాన్ని అడ్డుకోవడం కన్నా, దానికి గట్టిగా పట్టుబట్టడం మేలు. హద్దు గీయనిచోట ఎవరి ఉత్సాహం వాళ్లది.

ఇంకో ఆక్షేపణ మరోవైపు నుంచి వస్తుంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆసుపత్రిలో, విజ్ఞానశాస్త్రం మీద నిలబడిన వృత్తిలో ఆత్మ, విశ్వాసం లాంటి మాటలెందుకు? ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఈ ప్రశ్నకు గౌరవనీయమైన వారసత్వం ఉంది. గోరా 1940లో ముదునూరులో నెలకొల్పిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు వచ్చింది, దేవుడి ఊసు లేకుండానే మనిషి సేవ ఎంత చేయవచ్చో చేసి చూపింది. ఆ వారసత్వాన్ని నేను గౌరవిస్తాను, అందుకే అంటున్నాను: శిక్షణ లేని వార్డులో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది నాస్తిక రోగే. అతని మంచం దగ్గరికి విభూది తెచ్చేవాళ్లుంటారు, ప్రార్థన చేస్తామని వచ్చేవాళ్లుంటారు, ‘ఇప్పటికైనా దేవుణ్ణి తలుచుకో’ అని హితవు చెప్పే నర్సు కూడా ఉంటుంది. అతనికి కావాల్సింది తన జీవితం గురించి, చేసిన పోరాటం గురించి, వదిలిపెట్టి పోతున్న పనుల గురించి ఎవరైనా వినడం. శరీరదానం చేయాలన్న అతని కోరికను బంధువులు కాదంటుంటే అతని మాటను రికార్డులో పెట్టే మనిషి కావాలి. శిక్షణ పొందిన నర్సు చేసేది అదే. ప్రశ్న ఏ భాషలో వచ్చినా ఆ భాషలోనే వింటుంది.

ఇక తీరిక. ఒక్కో నర్సు రాత్రిపూట వార్డంతా చూసుకునే చోట ఈ పనెవరు చేస్తారని అడిగేవాళ్లతో నాకు తగువు లేదు, సగం వరకు ఏకీభవిస్తాను. ఖాళీ పోస్టులు నింపకుండా, కాంట్రాక్టు జీతాలతో నెట్టుకొస్తూ ‘ఆధ్యాత్మికంగా కూడా చూసుకోండి’ అని ఉత్తర్వు ఇవ్వడం అన్యాయం. ఈ శిక్షణను సిబ్బంది కొరతకు ప్రత్యామ్నాయంగా ఎవరైనా చూపిస్తే దాన్ని వ్యతిరేకించాలి. కానీ మిగిలిన సగం వేరు. ఈ పనిలో చాలా భాగానికి విడిగా సమయం అక్కర్లేదు. ఒళ్లు తుడిచేటప్పుడు, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు, మందు మింగించేటప్పుడు చేతులు పనిచేస్తుంటాయి, చెవులు ఖాళీగానే ఉంటాయి. ఇదే మెట్టలో తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇంటింటినీ పీడిస్తోంది. డయాలసిస్‌కు వచ్చిన రోగి ఒక్కో విడతకు దాదాపు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకుంటాడు, వారానికి రెండు మూడుసార్లు, చాలామందికి అది బతికినంతకాలం. అంతసేపు అతని పక్కన వైద్య సిబ్బందిలో నర్సో టెక్నీషియనో తప్ప ఇంకెవరూ ఉండరు. రక్తం ఎంత శుభ్రపడిందో రాసుకునే ఆ నాలుగు గంటల్లో ‘ఈ బతుకెందుకు, ఆపేద్దాం’ అన్న మాట అతని నోటి నుంచి ఎన్నిసార్లు వస్తుందో, దాన్ని విసుగుగా కొట్టిపారేయాలో ఆత్మహత్య సూచనగా గుర్తించి డాక్టరుకు చెప్పాలో తెలుసుకోవడం ప్రాణాన్ని కాపాడే నైపుణ్యమే. అక్కడ తీరిక లేదనడం కుదరదు.

మన దగ్గర ఇంటివాళ్లు పక్కనే ఉంటారు కదా, ఆసరా వాళ్లే ఇస్తారన్న వాదన కూడా వింటుంటాం. అటెండెంట్లు ఉండటం మన ఆసుపత్రుల బలమే. అయినా రోగి ఇంటివాళ్లకు చెప్పలేని మాటలే ఎక్కువ. కూతురి పెళ్లికి దాచిన డబ్బు తన క్యాన్సర్‌కు ఖర్చవుతోందన్న అపరాధభావం తండ్రి కూతురితో చెప్పుకోడు. పురుగుమందు తాగిన కోడలు అత్తముందు నోరు విప్పదు. పైగా కుటుంబమే సాయం అవసరమైన స్థితిలో ఉంటుంది. ఇంట్లోనే ప్రాణం పోవాలని, నోట్లో తులసి తీర్థం పోయాలని కోరుకునే కుటుంబం చివరి ఘడియల్లో హడావిడిగా సంతకాలు పెట్టి రోగిని తీసుకెళుతుంది. విజయవాడ ఆసుపత్రుల నుంచి నందిగామకు యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు ఎనభైకి దగ్గర. దారిలోనే, అంబులెన్సులోనే పోయినవాళ్లు ఎందరో. ఈ కోరిక ఉందని రెండు రోజుల ముందే అడిగి తెలుసుకున్న నర్సు ఉంటే నొప్పి మందు, గొట్టాలు తీయడం, ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలో చెప్పడం అన్నీ నెమ్మదిగా జరుగుతాయి. ముస్లిం కుటుంబానికి మనిషిని కిబ్లా (మక్కా) వైపు తిప్పి పడుకోబెట్టడం, చెవి దగ్గర కలిమా వినిపించడం, పోయాక త్వరగా ఖననం చేయడం ముఖ్యం. పోస్టుమార్టం ఆలస్యమైతే వాళ్లకు అది రెండో దెబ్బ. రంజాన్‌లో ఉపవాసం ఉంటానన్న షుగర్ రోగిని తిట్టి పంపితే అతను ఇన్సులిన్ సంగతి దాచిపెడతాడు, కూర్చోబెట్టి మాట్లాడితే మోతాదు, వేళలు సర్దవచ్చు. క్యాథలిక్ రోగికి గురువు వచ్చి నూనె పూయాలి, దళితవాడ నుంచి వచ్చిన తల్లికి తన పాస్టరు ప్రార్థన కావాలి. ఆపరేషన్ ముందు పుస్తెలు తీయమన్నప్పుడు కొందరు ఆడవాళ్లు వణికిపోతారు. ‘తీసేయమ్మా, టైమ్ అవుతోంది’ అనడం వేరు, ఆమె భర్త చేతికో అత్త చేతికో ఇప్పించి, మళ్లీ ఎప్పుడు వేసుకోవచ్చో చెప్పడం వేరు. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు కాదు. తెలిసి ఉండాలి, అంతే.

ఇదంతా మనిషి స్వభావంలో ఉండాలి, నేర్పితే వచ్చేది కాదని చివరికి అంటారు. దయ నేర్పలేమేమో, ఏం చేయాలో నేర్పగలం. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 2010లో జరిపిన సర్వేకు నాలుగువేల మందికి పైగా సభ్యులు స్పందించారు. వాళ్లలో దాదాపు పదికి ఎనిమిది మంది తమకు ఈ విషయంలో తగిన శిక్షణ లేదన్నారు. బోస్టన్ ఆసుపత్రుల్లో నర్సులు, డాక్టర్లు ఈ పరిచర్య ఎందుకు తక్కువగా చేస్తున్నారని వెతికితే అన్నిటికన్నా బలమైన కారణంగా శిక్షణ లేకపోవడమే బయటపడింది. దయ లేకపోవడం వల్ల కాదన్నమాట. 2016 నుంచి 2019 దాకా యూరప్ నర్సింగ్ అధ్యాపకులు ఎపిక్ అనే ప్రాజెక్టులో కలిసి కూర్చుని, నర్సింగ్ పట్టా తీసుకునేనాటికి విద్యార్థికి ఏమేం రావాలో తేల్చారు: తన నమ్మకాలు తను ఎరిగి ఉండటం, ఎదుటివాడి నమ్మకంతో గౌరవంగా మెలగడం, అవసరాన్ని గుర్తించడం, దానికి తగినట్టు చేయడం, చేసింది పనికొచ్చిందో లేదో చూసుకోవడం. ఇందులో గాలిమాట ఒక్కటీ లేదు, అన్నీ పరీక్షకు నిలబడేవే.

మన విద్యార్థుల విషయంలో మొదటి అంశం అన్నిటికన్నా బరువైనది. ఈ అమ్మాయిలు, అబ్బాయిలు ఎక్కువమంది ఇవే పల్లెల నుంచి, ఇవే అప్పుల ఇళ్ల నుంచి వస్తారు. గడ్డిమందు తాగిన రైతును చూసినప్పుడు కొందరికి తమ బాబాయి గుర్తొస్తాడు. కులం అడిగి నీళ్లు ముట్టుకోని రోగి ఎదురైతే నర్సుకే గాయమవుతుంది. పద్దెనిమిదేళ్లకు మొదటి మరణం చూసిన విద్యార్థిని ఆ సాయంత్రం హాస్టల్లో ఎవరితో మాట్లాడాలి? 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఇంటివాళ్లు రాలేని గదుల్లో చివరి మాట విన్నది నర్సులే, ఆ బరువును వాళ్లు ఎక్కడ దించుకున్నారో ఎవరూ అడగలేదు. కాబట్టి ఈ శిక్షణ రోగితో మొదలవ్వదు, విద్యార్థిని కూర్చోబెట్టి వినే టీచరుతో మొదలవుతుంది. అలా తన మాట వినేవాళ్లు దొరికిన మనిషికే మరొకరి మాట వినడం చేతనవుతుంది.

తర్వాత నేర్పాల్సింది ప్రశ్న. అమెరికాలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్స్కీ 1996లో తయారుచేసిన ప్రశ్నావళి నాలుగు విషయాలడుగుతుంది: నీ నమ్మకమేది, అది నీ బతుకులో ఎంత ముఖ్యం, నీ వెనుక ఎవరున్నారు, మేమేం చేయాలి. మన వార్డులో వీటిని ఇలాగే అడిగితే రోగి కంగారుపడతాడు, తను పోతున్నానని చెబుతున్నారనుకుంటాడు. ‘ఇంత కష్టంలో ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నావమ్మా?’ ‘ఎవరైనా వస్తే బాగుండుననిపిస్తోందా బాబాయ్?’ ‘ఇంటి దగ్గర ఆగిపోయిన పనేమైనా మనసులో తిరుగుతోందా?’ ఇలా అడగడం నేర్పాలి. అడిగి ఊరుకోవడం నేర్పాలి. పారాక్వాట్ రోగి ‘నేను బతుకుతానా’ అన్నప్పుడు ‘తప్పకుండా బతుకుతావు’ అన్న అబద్ధమూ ‘లేదు’ అన్న తీర్పూ కాకుండా, ‘ఏం ఆలోచిస్తున్నావు, చెప్పు, నేనిక్కడే ఉన్నాను’ అనగలగాలి. అతని భార్యకు ఆక్సిజన్ సంగతి డాక్టరు చేత చెప్పించి, తను పక్కన నిలబడాలి. అతన్ని నేరస్థుడిగా చూసే అలవాటు పోవాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించమంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆ ప్రయత్నాన్ని నేరం చేసే పాత సెక్షనే లేదు. చట్టం మారింది, వార్డులో మాట ఇంకా మారాలి.

చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. బీఎస్సీ నర్సింగ్ పరీక్షలు పెట్టే డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. ప్రాక్టికల్ పరీక్షలో ఇంజెక్షన్, డ్రెస్సింగ్ స్టేషన్ల పక్కన ఒక స్టేషన్ దీనికి కేటాయించవచ్చు. ఒక నటుడో సీనియర్ విద్యార్థో రోగిగా కూర్చుంటాడు, పరీక్షకు వచ్చిన విద్యార్థి పది నిమిషాలు మాట్లాడుతుంది, పరీక్షాధికారి చూసేది నాలుగే విషయాలు: విన్నదా, తన నమ్మకాన్ని రుద్దిందా, ప్రమాద సంకేతాన్ని గుర్తించిందా, తన చేతిలో లేనిదాన్ని ఎవరికి అప్పగించాలో తెలిసిందా. రుద్దితే ఫెయిల్. కేర్ ప్లాన్‌లో ‘హిందువు, ముస్లిం, క్రైస్తవుడు’ అని టిక్కు పెట్టే గడి బదులు, రోగి అన్న మాటను అతని మాటల్లోనే రాసే రెండు వరుసలు ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు యూరిన్ ఎంతో చెప్పినట్టే ఆ రెండు వరుసలూ తర్వాతి నర్సుకు చెప్పాలి. అందులో రోగి రహస్యమని చెప్పినది రాయకూడదు, అది కూడా నేర్పాల్సిందే. కమ్యూనిటీ పోస్టింగ్‌లో విద్యార్థులను తండాలకు పంపేటప్పుడు బీపీ చూడటంతోపాటు డయాలసిస్ రోగి ఇంట్లో ఒక గంట కూర్చుని రమ్మనాలి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ ఉద్యమం ఇలా ఇళ్లకు వెళ్లే నర్సుల తోడుతో సాగి, 2008 నాటికి ప్రభుత్వ విధానంగా మారింది. పూజారి, ఇమాము, ఫాదరు, పాస్టరు, మానసిక వైద్యుడు, రోగి కోరితే నాస్తిక మిత్రుడు, వీళ్ల ఫోన్ నంబర్లు వార్డు రిజిస్టరు మొదటి పేజీలో ఉంచడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా హెడ్ నర్సు రేపే మొదలుపెట్టవచ్చు. పరీక్షలో మార్కులు పెట్టడానికి మాత్రం విశ్వవిద్యాలయం నిర్ణయం కావాలి. మార్కులున్న పాఠానికే మన కాలేజీలు గంటలు కేటాయిస్తాయి కాబట్టి, అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.